ఫుట్‌బాల్ కాంట్రాక్టులు: పేపర్లో పడే అంకె, ఆటగాడి చేతికొచ్చే డబ్బు (తరచుగా అడిగే ప్రశ్నలు)

నేను భీమవరంలో డిగ్రీ పిల్లలకి కామర్స్ చెబుతాను. ఉండి దగ్గర మాకు రెండెకరాల రొయ్యల చెరువు కూడా ఉంది. మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడి వల్ల కొన్నేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ చూడడం అలవాటైంది. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి మనకి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. ప్రతి మార్చిలో కొత్త కాంట్రాక్టుల వార్తలు రాగానే నన్ను అందరూ ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతారు: "మేష్టారూ, ఫలానా ఆటగాడికి రెండొందల మిలియన్లట, నిజమేనా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

ముందు ఇది చెప్పండి, ఏ ఫుట్‌బాల్ గురించి?

కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, అంటే 32 జట్లు ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్. పేపర్లో అంకెకీ చేతికొచ్చే డబ్బుకీ దూరం బాగా ఎక్కువ ఉండేది ఇందులోనే. మనం మామూలుగా ఫుట్‌బాల్ అనే ఆట సంగతి కూడా తర్వాత చెబుతాను. లెక్కల కోసం ఒకటి గుర్తుంచుకోండి: ఒక మిలియన్ అంటే 10 లక్షలు, 100 మిలియన్లంటే 10 కోట్లు. ఇక్కడ అన్నీ డాలర్లే, యూరోలైతే విడిగా చెబుతాను.

పేపర్లో వచ్చే మొత్తం అబద్ధమా?

అబద్ధం కాదు. కానీ అది ఎప్పుడు నిజమవుతుందో వార్తలో ఉండదు.

రెండేళ్ల కిందట మా చెరువు పట్టుబడికి ముందురోజు రాత్రి, కొనే ఆయన ఫోన్ చేసి 30 కౌంట్ (కిలోకి ముప్ఫై తూగే పెద్ద రొయ్య) రేటు చెప్పాడు. ఇంట్లో అందరం ఆ రేటుతోనే లెక్క వేసేసుకున్నాం. తెల్లవారుజామున వల లాగారు. ఆయన మనిషి గట్టు మీద గొంతుక్కూర్చుని, కిలో రొయ్యలు తూచి, ఒక్కొక్కటే పక్కకి వేస్తూ లెక్కపెట్టాడు. నలభై ఆరు వచ్చాయి. 46 కౌంట్ అనగానే రేటు దిగిపోయింది. ఆ తర్వాత సాఫ్ట్ (పెంకు మెత్తగా ఉన్నవి) ఉన్నాయంటూ ఇంకో కోత. ముందురోజు చెప్పిన రేటు అబద్ధమేం కాదు. అది మా చెరువులో లేని రొయ్యకి చెప్పిన రేటు.

కాంట్రాక్టు వార్త కూడా అలాంటిదే. అన్నేళ్లూ జట్టులోనే ఉండి, పెట్టిన ప్రతి షరతూ నెరవేరితే వచ్చే మొత్తం అది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాణ్ణి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసే హక్కు జట్టుకి ఉంది. తీసేస్తే గ్యారంటీ లేని జీతం అక్కడితో ఆగిపోతుంది. ఆటగాడికి మాత్రం ఒప్పందం మధ్యలో వదిలేసి ఇంకో జట్టుకి వెళ్లే వీలు లేదు. ఐదేళ్ల కాంట్రాక్టు అంటే ఐదేళ్లూ కట్టుబడి ఉండేది ఆటగాడే.

2010 నవంబర్‌లో వాషింగ్టన్ జట్టు డొనోవన్ మెక్‌నాబ్‌కి 5 ఏళ్ల పొడిగింపు ఇచ్చింది. వార్తల్లో 78 మిలియన్లు అని వచ్చింది. అందులో గ్యారంటీ 4 మిలియన్లు కూడా లేదు. పొడిగింపులో మొదటి సీజన్ మొదలవకముందే, 2011 జులైలో, ఆయన్ని మిన్నెసోటా జట్టుకి పంపేశారు.

మరి అంత పెద్ద అంకె ఎవరు బయటపెడతారు?

ఎక్కువగా ఏజెంట్లు. పెద్ద మొత్తం వార్తల్లోకి వస్తే ఇంకో ఆటగాడు ఆ ఏజెంటు దగ్గరికే వెళ్తాడు. తమ స్టార్‌ని ఎంత పెట్టయినా నిలుపుకున్నామని జట్టుకీ పేరొస్తుంది. సంతకమైన గంటలోపు వచ్చే అంకెని నేను నమ్మను. రెండు మూడు రోజులాగితే ఏ ఏడాది ఎంత, ఎంత గ్యారంటీ అనే వివరాలు బయటికొస్తాయి.

అయితే చూడాల్సిన అంకె ఏది?

రెండు చూడండి. మొదటిది, సంతకం చేసిన రోజునే పూర్తిగా గ్యారంటీ అయిన మొత్తం. రెండోది, పెద్దగా నష్టపోకుండా జట్టు ఆ ఆటగాణ్ణి ఏ ఏడాది వదిలించుకోగలదు అన్నది. ఈ రెండూ తెలిస్తే అసలు ఒప్పందం ఎన్నేళ్లదో, ఎంతదో తెలిసిపోతుంది. మిగిలిన ఏళ్లన్నీ జట్టుకి ఇష్టమైతేనే ఉంటాయి.

గ్యారంటీ అంటే గ్యారంటీయే కదా, అందులో కూడా రకాలున్నాయా?

ఉన్నాయి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

ఆటగాణ్ణి తీసేయడానికి మామూలుగా మూడు కారణాలుంటాయి: దెబ్బ తగిలి ఆడలేకపోవడం, ఆట తగ్గిపోవడం, జీతాల పరిమితిలో జట్టుకి చోటు చాలకపోవడం. ఈ మూడింటిలో దేనివల్ల తీసేసినా డబ్బు రావాల్సిందే అని రాస్తే అది పూర్తి గ్యారంటీ. దెబ్బకి మాత్రమే గ్యారంటీ అని రాస్తే, ఆటగాడు నిక్షేపంలా ఉండి ఆట తగ్గిందని తీసేసినప్పుడు ఒక్క డాలర్ కూడా రాదు. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేసి "గ్యారంటీ ఇంత" అని రాసేస్తారు.

2014లో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ జట్టు కోలిన్ కేపర్నిక్‌కి ఇచ్చిన పొడిగింపు 6 ఏళ్లకి 126 మిలియన్ల దాకా అన్నారు, గ్యారంటీ 61 మిలియన్లన్నారు. సంతకం రోజున నిజంగా ఖాయమైనది సుమారు 13 మిలియన్లే. మిగతా గ్యారంటీలో ఎక్కువ భాగం దెబ్బకి సంబంధించింది. ఏ ఏడాది జీతం ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటికి జట్టులో ఉంటేనే పూర్తిగా ఖాయమయ్యేది. అంటే ప్రతి మార్చి నెలాఖరుకీ జట్టు కొత్తగా నిర్ణయించుకోవచ్చు. 2020 దాకా సాగాల్సిన ఆ కాంట్రాక్టు 2017 మార్చిలోనే ముగిసిపోయింది.

ఒక కాంట్రాక్టు విప్పి చూపిస్తారా?

తప్పకుండా. నేను క్లాసులో బోర్డు మీద వేసే ఊహాజనితమైన లెక్క ఇది. వార్త: "4 ఏళ్లు, 80 మిలియన్లు."

లోపల ఇలా ఉందనుకోండి. సంతకం బోనస్ 16 మిలియన్లు. మొదటి ఏడాది జీతం 2, రెండో ఏడాది 14, ఈ రెండూ పూర్తి గ్యారంటీ. మూడో ఏడాది 20, నాలుగో ఏడాది 24, ఈ రెండింటికీ గ్యారంటీ లేదు. ఇవి కాక ఏడాదికి ఒక మిలియన్ చొప్పున ప్రోత్సాహకాలు, అవి 4. అన్నీ కలిపితే 80. వార్త సరిగ్గానే ఉంది.

ఇప్పుడు గ్యారంటీ కూడదాం: 16, 2, 14 కలిపి 32. రెండేళ్లయ్యాక జట్టు కూర్చుని ఆలోచిస్తుంది. ఈయనకి వచ్చే ఏడాది 20 ఇవ్వాలా, ఆ డబ్బుతో వయసులో చిన్నవాణ్ణి తెచ్చుకోవాలా? వద్దనుకుంటే తీసేస్తుంది. ఆటగాడికి అందింది రెండేళ్లకి 32, అంటే ఏడాదికి 16. పేపర్ లెక్కలో ఏడాదికి 20. ఐదో వంతు ఎగిరిపోయింది, రెండేళ్ల పనీ పోయింది. పెద్ద జీతాలు తరచుగా చివరి ఏళ్లలోనే రాసి ఉండడం గమనించండి. మొత్తాన్ని పెద్దది చేసి చూపేవి ఆ ఏళ్లే, ఆటగాడు ఎక్కువగా అందుకోలేనివీ అవే.

సంతకం బోనస్ కూడా వెనక్కి ఇవ్వాలా?

జట్టు తీసేస్తే ఇవ్వక్కర్లేదు. అందుకే ఆటగాడికి అన్నిటికంటే గట్టి డబ్బు అదే. తనంతట తనే ఆట మానేస్తే మాత్రం మిగిలిన ఏళ్ల వాటా వెనక్కి అడిగే హక్కు జట్టుకి ఉంటుంది.

క్యాప్ అంటారు, డెడ్ మనీ అంటారు. ఇవేంటండీ?

క్యాప్ అంటే ఒక జట్టు ఒక ఏడాదిలో ఆటగాళ్ల జీతాల కింద చూపగల గరిష్ఠ మొత్తం. 2024లో అది 255.4 మిలియన్లు, 2025లో 279.2 మిలియన్లు. సంతకం బోనస్ ఆటగాడికి ముందే ముట్టినా, క్యాప్ లెక్కలో దాన్ని కాంట్రాక్టు ఏళ్ల మీద, గరిష్ఠంగా ఐదేళ్ల మీద సమానంగా పరుచుకోవచ్చు.

మన రైతులకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చెరువుకి ఏరియేటర్ కొంటే డబ్బు ఆ రోజే జేబులోంచి పోతుంది. పుస్తకాల్లో మాత్రం ఏటా కొంత తరుగుదల రాస్తాం. మూడో ఏడాదిలో ఏరియేటర్ పాడైపోతే, మిగిలిన విలువంతా నష్టం కింద రాసుకోవాలి. డెడ్ మనీ అంటే అదే: ఆటగాడు వెళ్లిపోయాక కూడా జట్టు లెక్కలో మిగిలిపోయే మొత్తం.

పై లెక్కలో బోనస్ 16 నాలుగేళ్లకి, అంటే ఏడాదికి 4. రెండేళ్ల తర్వాత తీసేస్తే మిగిలిన 8 డెడ్ మనీ. అట్టేపెట్టుకుంటే మూడో ఏడాది క్యాప్‌లో 20, 4 కలిపి 24 పడుతుంది. తీసేస్తే 8 పడుతుంది. అంటే 16 మిగులు. అంత మిగులుతుంటే ఆ కాంట్రాక్టు నిజంగా రెండేళ్లదే.

భారీ డెడ్ మనీ ఉన్నా తీసేసిన సందర్భాలు ఉన్నాయా?

రసెల్ విల్సన్ కథ వినండి. 2022లో డెన్వర్ బ్రాంకోస్ ఆయనకి 5 ఏళ్ల పొడిగింపు ఇచ్చింది. వార్తల్లో 245 మిలియన్లు. పాత కాంట్రాక్టులో ఇంకా రెండేళ్లు ఉన్నాయి కనుక ఈ ఐదేళ్లు మొదలయ్యేది 2024లో.

ఆ పొడిగింపులో ఒక తేదీ ఉంది. 2024 మార్చిలో ఒక రోజు దాటితే, 2025 జీతం 37 మిలియన్లు పూర్తి గ్యారంటీ అయిపోతాయి. అప్పటిదాకా అది దెబ్బకి మాత్రమే గ్యారంటీ. అంటే 2023 సీజన్ చివర్లో ఆడుతూ పెద్ద దెబ్బ తగిలితే ఆ డబ్బు జట్టు మెడకి చుట్టుకుంటుంది. ఆ తేదీని వాయిదా వేయడానికి ఒప్పుకోకపోతే పక్కన కూర్చోబెడతామని సీజన్ మధ్యలోనే తనకి చెప్పారని విల్సన్ తర్వాత బయటపెట్టాడు. చివరి రెండు మ్యాచ్‌లకి ఆయన్ని నిజంగానే కూర్చోబెట్టారు. 2024 మార్చిలో తీసేశారు. పొడిగింపులో మొదటి ఏడాది ఇంకా మొదలే కాలేదు.

డెన్వర్ క్యాప్ లెక్కలో 85 మిలియన్ల డెడ్ మనీ పడింది, రెండేళ్ల మీద పరుచుకుంది. 2024 జీతం 39 మిలియన్లు మాత్రం ముందే గ్యారంటీ అయి ఉంది, దాన్ని తప్పించుకోలేకపోయారు. పిట్స్‌బర్గ్ జట్టు ఆయన్ని 1.21 మిలియన్ల కనీస జీతానికి తీసుకుంది. మిగతాది డెన్వరే కట్టింది. తాను వద్దనుకున్న ఆటగాడు ఇంకో జట్టుకి ఆడుతుంటే జీతం ఈ జట్టు ఇచ్చింది. గ్యారంటీ అనే మాట ఎంత బలమైనదో తెలియాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మహోమ్స్‌కి 503 మిలియన్లు అన్నారు కదా?

2020 జులైలో కాన్సస్ సిటీ చీఫ్స్ పాట్రిక్ మహోమ్స్‌కి 10 ఏళ్ల పొడిగింపు ఇచ్చింది. పొడిగింపు విలువ 450 మిలియన్లు. అప్పటికి మిగిలి ఉన్న రెండేళ్లు, ప్రోత్సాహకాలు అన్నీ కలిపితే 503. సంతకం రోజున పూర్తి గ్యారంటీ సుమారు 63 మిలియన్లే. ఇది విని చాలామంది "అయితే మోసమే" అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఒప్పందంలో ఏటా మార్చిలో తర్వాతి ఏళ్ల డబ్బు కొంత ముందుగానే ఖాయమయ్యేలా రాసుకున్నారు. అంత ఆడే మనిషిని ఏ మార్చిలోనూ తీసేయరని రెండు పక్షాలకీ తెలుసు. 2023 సెప్టెంబర్‌లో మళ్లీ కూర్చుని, 2023 నుంచి 2026 దాకా నాలుగు సీజన్లకి 210.6 మిలియన్లు వచ్చేలా సర్దుకున్నారు. అసలు రాసిన ఏడాదివారీ లెక్క మూడేళ్లకే మారిపోయిందన్నమాట.

మొత్తం గ్యారంటీ ఉన్న కాంట్రాక్టు ఎవరికీ రాలేదా?

వచ్చింది. 2018లో మిన్నెసోటా వైకింగ్స్ కర్క్ కజిన్స్‌కి 3 ఏళ్లకి 84 మిలియన్లు, అంతా గ్యారంటీగా ఇచ్చింది. 2022లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ డిషాన్ వాట్సన్‌కి 5 ఏళ్లకి 230 మిలియన్లు, అదీ అంతా గ్యారంటీ. వాట్సన్ ఒప్పందంలో ఇంకో సంగతి ఉంది. మొదటి ఏడాది జీతం 1.035 మిలియన్లే రాసి, మిగతాది బోనస్‌లో పెట్టారు. ఆయన మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలొచ్చాయి, ఆయన వాటిని ఒప్పుకోలేదు. లీగ్ 11 మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. సస్పెన్షన్‌లో పోయేది జీతంలో 18కి 11 వంతులు మాత్రమే, అంటే సుమారు 6 లక్షల 32 వేల డాలర్లు. 5 మిలియన్ల జరిమానా వేరే. జీతం పెద్దదిగా రాసి ఉంటే నష్టం ఎన్నో రెట్లు ఉండేది. మొత్తం ఎంత అన్నదే కాదు, దాన్ని ఏ పేరు కింద రాశారన్నదీ ముఖ్యమే.

ఆ తర్వాతి ఏడాది 2023లో లామార్ జాక్సన్ 5 ఏళ్లకి 260 మిలియన్లకి సంతకం చేస్తే గ్యారంటీ 185 వచ్చింది. మంచి ఒప్పందమే, కానీ అంతా గ్యారంటీ కాదు. జట్లు వెనకాడడానికి ఒక పాత నియమం కూడా కారణం. ముందు ఏళ్లకి పూర్తి గ్యారంటీ ఇచ్చిన డబ్బులో చాలావరకు జట్టు ఇప్పుడే తీసి విడిగా జమచేయాలి.

"ఫలానా ఆటగాడు జట్టు కోసం జీతం తగ్గించుకున్నాడు" అని చదివాను. నిజమేనా?

ఎక్కువసార్లు కాదు. పై లెక్కలోని ఆటగాణ్ణే మూడో ఏడాదికి అట్టేపెట్టుకున్నారనుకోండి. 20 మిలియన్ల జీతంలో 18ని బోనస్‌గా మార్చి వెంటనే ఇచ్చేస్తారు. క్యాప్‌లో అది రెండేళ్ల మీద 9, 9గా పడుతుంది. జట్టుకి ఈ ఏడాది 9 మిలియన్ల చోటు దొరికింది. ఆటగాడికి ఒక్క డాలర్ తగ్గలేదు, పైగా ముందే వచ్చింది. దీన్ని రీస్ట్రక్చర్ అంటారు. దీన్ని త్యాగమని రాయడం తప్పు.

వార్తలో "అప్ టు" (ఇంత దాకా) అని ఉంటే?

ఆ మాట కనబడగానే మొత్తంలోంచి ప్రోత్సాహకాలు తీసేసి చదవండి. ఇన్ని యార్డులు, ఇన్ని టచ్‌డౌన్లు, ఆల్‌స్టార్ జట్టులో చోటు లాంటివి నెరవేరితేనే ఆ డబ్బు. మా విద్యార్థి ఒకడు 12 లక్షల ప్యాకేజీ అని ఆఫర్ లెటర్ తెచ్చి చూపించాడు. అందులో జాయినింగ్ బోనస్, రెండేళ్లుంటేనే ఇచ్చే మొత్తం, వేరియబుల్ అన్నీ పక్కనపెట్టి నెలకి చేతికొచ్చేది లెక్కేశాం. వాడి ముఖం చూసి నాకే బాధేసింది. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో మాత్రం 12 లక్షలే ఉంది.

పన్నులు పోను ఎంత మిగులుతుంది?

ఫెడరల్ పన్ను గరిష్ఠ రేటు 37 శాతం. రాష్ట్రాల పన్ను వేరే. టెక్సస్, ఫ్లోరిడాల్లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై రేటు 13.3 శాతం. బయటి ఊళ్లలో ఆడిన రోజులకి ఆ రాష్ట్రాలు కూడా వాటా అడుగుతాయి. ఏజెంటుకి గరిష్ఠంగా 3 శాతం. రాష్ట్రాన్ని బట్టి చేతికి మిగిలేది సగానికి కాస్త తక్కువ నుంచి 60 శాతం మధ్య అనుకోవచ్చు.

కొత్తగా వచ్చే కుర్రాళ్ల పరిస్థితి?

కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్టు అంటారు. 2011 నుంచి అందులో ఎన్నోవాడిగా ఎంపికైతే ఎంత అన్నది దాదాపు ముందే ఖాయం. నాలుగేళ్ల కాంట్రాక్టు, మూడు సీజన్లయ్యేదాకా మార్చడానికి లేదు. 2022లో అందరికంటే చివర, 262వ వాడిగా ఎంపికైన బ్రాక్ పర్డీ నాలుగేళ్లకి 3.7 మిలియన్లకి సంతకం చేశాడు. రెండో సీజన్లోనే జట్టుని లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు, ఆ ఏడాది జీతం 8 లక్షల 70 వేల డాలర్లు. 2025లో 5 ఏళ్లకి 265 మిలియన్లు దొరికాయి. మధ్యలో మోకాలు పోయి ఉంటే ఆ సంతకమే ఉండేది కాదు.

మనం చూసే ఫుట్‌బాల్‌లో కూడా ఇంతేనా?

అక్కడ తేడా వేరే చోట ఉంటుంది. యూరప్ క్లబ్బులు ఆటగాణ్ణి ఇష్టం వచ్చినప్పుడు తీసేయలేవు, కాలపరిమితి దాకా జీతం ఇవ్వాల్సిందే. కానీ పేపర్లో పడే పెద్ద అంకె ఎక్కువగా బదిలీ రుసుము. 2017లో నెయ్‌మార్ బార్సిలోనా నుంచి పారిస్‌కి వెళ్లినప్పటి 222 మిలియన్ యూరోలు అలాంటివే. ఆ డబ్బు ఆటగాడి జీతం కాదు, పాత క్లబ్బుకి చేరింది. జీతాలు కూడా పన్నుకి ముందు లెక్కలో చెబుతారు. 2021 జనవరిలో స్పెయిన్ పత్రిక ఎల్ ముండో బయటపెట్టిన మెస్సీ కాంట్రాక్టు నాలుగు సీజన్లకి 555 మిలియన్ యూరోల దాకా. అందులో స్థిర జీతం, బోనస్‌లు, ఇమేజ్ హక్కులు (ఆయన పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చేవి) అన్నీ ఉన్నాయి. దాదాపు సగం పన్నుకే పోతుంది.

సంతకం చేశాక కూడా ఇంకా కావాలని అలిగి కూర్చుంటారు. అది దురాశ కాదా?

ఈ ప్రశ్న దగ్గర నాకు కోపం వస్తుంది, దాచుకోను. జట్టు ఒప్పందం మధ్యలో తీసేస్తే "వ్యాపారం" అంటాం. ఆటగాడు మధ్యలో మళ్లీ మాట్లాడదామంటే "మాట తప్పాడు" అంటాం. శిక్షణ శిబిరానికి రాని సీనియర్‌కి రోజుకి 50 వేల డాలర్ల జరిమానా ఉంది. జట్టు తీసేసినందుకు జట్టుకి జరిమానా లేదు. చాలామందికి ఈ ఆట మూడు నాలుగేళ్ల ముచ్చట. తలకి, మోకాళ్లకి తగిలే దెబ్బలు జీవితాంతం ఉంటాయి. గ్యారంటీ లేని ఏళ్లు కాంట్రాక్టులో మిగిలుండగా, తన ఆట బాగున్నప్పుడే అడగడం ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క దారి.

ఈ వివరాలు ఎక్కడ చూడొచ్చు?

ఓవర్ ద క్యాప్, స్పాట్‌రాక్ అనే సైట్లలో ప్రతి ఆటగాడి కాంట్రాక్టూ ఏడాదివారీగా పట్టికలో ఉంటుంది. అందులో "డెడ్ క్యాప్" అనే వరస చూడండి. ఏ ఏడాది దగ్గర ఆ మొత్తం, అట్టేపెట్టుకుంటే పడే మొత్తం కంటే బాగా తగ్గిపోతుందో, జట్టు తీసేయడానికి వీలైన ఏడాది అదే. అంతకు ముందు ఏళ్లలో గ్యారంటీ అయిన డబ్బు కూడి చూడండి. డాలస్ నుంచి మావాడు ఫోన్ చేసి "బాబాయ్, మనవాడికి ఇంతట" అన్నప్పుడు నేను తెరిచేది ఆ పట్టికే.